సున్నా, సున్నా, సున్నా

తెల్లారుజామున నాలుగు.
డిపో గేటు కాడ గొట్టంలోకి ఊదినా.
సున్నా, సున్నా, సున్నా.
"మిషన్ చెడిపొయ్యిందేమో, ఇంకోసారి ఊదు చెంగల్రాయా"
అన్నాడు కంట్రోలరు.
వాడు మిషన్ను చూడ్డంల్యా,
నా మొగాన్ని చూస్తా ఉండాడు.

మొగం అప్పుడు పండు మిరపకాయ.
మెడ దిగి రొమ్ముదాకా పాకి
టీ చల్లారేలోపల మాయమయ్యే ఎరుపు.
చెమట కూడా పట్టదు.
మా నాయన పొయ్యిన్నాడే ఒట్టేసి తాగుడు మానేసినోణ్ణి.
ఆ సంగతి మొగానికి తెలీదు.

అలిపిరి దాటితే బండి ఆపేదానికి ల్యా.
వెనక యాభై మంది గోవిందా అంటా ఉంటే
పళ్ళు బిగబట్టి, స్టీరింగు పిసికి
నేనూ అంటి గోవిందా.
నాది వేరే మొక్కు.

నాలుగేండ్లు.
ఒకాయన గ్యాసన్నాడు.
ఒకాయన పేగులకు దిగులన్నాడు.
రొమ్ములో పిల్లికూతలకు పీల్చే మందు రాసిచ్చినారు.
"నాకు రావాల్సిన ఆవిర్లు నీకొచ్చినాయే"
అని నవ్వింది మొగిలమ్మ.
నవ్వి, డ్యూటీ సంచిలో ఇంకో జత ప్యాంటు పెట్టింది.

పెద్దాసుపత్రిలో నస్రీన్ డాక్టరమ్మ, మా పాపంత వయసు.
"ఎరుపొచ్చే దినాల్లోనే విరేచనాలూ ఎక్కువా?
నిద్రలోంచి కూడా లేస్తారా?"
నాలుగేండ్లలో ఆ రెండింటినీ
పక్కపక్కన పెట్టి అడిగింది ఆమె ఒక్కతే.

ఐదు లీటర్ల క్యాను ఇచ్చినారు, అడుగున రొంత ఆసిడ్.
మూడు దినాలు అరటిపండు వద్దు, అనాస వద్దు,
టమాటా వద్దు.
టమాటా వద్దా!
చిత్తూరు జిల్లాలో పుట్టి సంగటి దేంతో మింగేది?
మొగిలమ్మ చింతపండు పిసికి పచ్చిపులుసు చేసె.
తొలిపొద్దుది పారబోసి,
మర్నాడు తొలిపొద్దుది దాకా పట్టి,
ఐసులో పెట్టి, ఒళ్ళో పెట్టుకోని ఆటో ఎక్కితిమి.
ఆటో పిల్లోడు అద్దంలో చూసి
"తీర్థమా అన్నా?" అనె.
ఔనంటి.

ఉండాల్సిన దానికి ఎనిమిదింతలు వచ్చింది లెక్క.

రాయేలూరులో నరానికి మందెక్కించి స్కాన్ తీస్తే
చిన్నపేగులో రేగ్గింజంత చుక్క,
కాలేయంలో దాని పిల్లలు,
కొండమీద రాత్రి లైట్ల మాదిరి.
"క్యాన్సరేనా మేడమ్?"
"క్యాన్సరే. నిదానంగా నడిచే రకం.
మీ కాలేయం అలిపిరి అనుకోండి.
పేగుల్లోంచి వచ్చే ప్రతి సంచినీ విప్పి చూస్తుంది.
ఆ గడ్డ వదిలే రసాన్ని ఇన్నాళ్ళూ అక్కడే పట్టేసింది.
ఇప్పుడు దొంగ తనిఖీ గదిలోనే కాపురం పెట్టాడు."

ఆ సరుకు నేరుగా గుండెకు పోతాదంట,
కుడిపక్క తలుపులు బిగుసుకుంటాయంట.
ఎకో తీసి "ఇంకా ఏం లేదు" అనింది.
ఆ "ఇంకా"ను జేబులో పెట్టుకోని ఇంటికొచ్చినా.

పేగులో గడ్డను కోసేసినారు.
కొయ్యకముందే నరంలోకి మందు పెట్టినారు,
మత్తులో రోగం తిరగబడకుండా.
మత్తు డాక్టరు మూడుసార్లు అడిగి రాసుకున్యాడు.
కాలేయంలోవి ఉండాయి.
వాటికీ నాకూ ఒప్పందం:
ఇరవై ఎనిమిది దినాలకొక సూది.
ఈసారి ఎడమ పిర్ర, వచ్చేసారి కుడి.
ఫ్రిజ్జులోంచి తీసి, చల్లదనం పొయ్యేదాకా ఆగి,
పొడి కలిపి, గడ్డకట్టేలోపల గుచ్చాల.
వారం ఆలస్యమైతే
నా మొగమే క్యాలెండరు.

ఘాటు బండి మళ్ళీ ఇయ్యల్యా.
ఊదే మిషన్ చేతికిచ్చి గేటు కాడ కూసోబెట్టినారు.
మొన్న ఒక కొత్త డ్రైవరు, మొగమంతా కందిపొయ్యి.
సున్నా, సున్నా, సున్నా.
మళ్ళీ ఊదమన్ల్యా. పక్కకు పిల్చి అడిగినా,
"రాత్రిపూట కడుపుకు లేస్తాండావా నాయనా?"
వాడు బిత్తరపొయ్యి చూసె.
"ల్యాదన్నా, నిన్న మిట్టమధ్యాన్నం టైరు మార్చినా."

ఎంత హాయి అనిపించిందో ఆ మాట.
పో, పొయ్యి బండి తియ్.